చూపు గీతలకు మార్కులా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మాయి ఇక్కడే చెన్నైలో ఎం.ఎస్. సర్జరీ రెండో ఏడు. ల్యాప్రోస్కోపీ (పొట్టకు చిన్న చిల్లులు పెట్టి, లోపలి కెమెరా బొమ్మను తెర మీద చూస్తూ చేసే ఆపరేషన్) ప్రాక్టీసులో చూపు ఎటు పోతోందో పట్టే కళ్లజోడు పెట్టారట. స్క్రీన్ మీద తన చూపు పిచ్చిగీతల్లా వచ్చిందని రెండ్రోజులుగా సరిగా అన్నం తినడం లేదు. దాన్నిబట్టి పనికొస్తుందో లేదో తేల్చేస్తారా?
- ఒక తల్లి, అన్నానగర్

జవాబు: తేల్చేస్తే తప్పమ్మా. రెండో ఏట చూపు అలాగే ఉంటుంది.

మైలాపూర్ కోనేటి దగ్గర పూలు కట్టే ఆవిడను చూడండి. వేళ్లు మల్లెలు ముడేస్తుంటాయి, కళ్లు మాత్రం బేరమాడే మన మీదే. అదే నేను కడితే దారం మీంచి చూపు కదలదు. అమ్మాయి పనీ అంతే. ప్రాక్టీసు డబ్బాలో రబ్బరు ముక్కను ఒక పుల్ల నుంచి ఇంకో పుల్లకు మార్చమంటే కొత్తవాళ్ల చూపు పరికరం మొన వెంట పరిగెడుతుంది. చెయ్యి తిరిగినవాళ్లు ముక్క చేరాల్సిన చోటే చూస్తారు. 2004లో కెనడాలో సిమ్యులేటర్ మీద పరిశీలిస్తే కనిపించిన తేడా ఇదే.

కళ్లజోడులో మాయేం లేదు. కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ వెలుగు కార్నియా (కంటి ముందుండే పారదర్శకమైన పొర) మీద చుక్కలా మెరుస్తుంది. ఆ చుక్క, కంటిపాప నడిమి ఎక్కడున్నాయో చూసి కెమెరా చూపు దిక్కు లెక్కగడుతుంది. అరవయ్యో ఏట నేనూ పెట్టుకున్నాను. కుట్టు మధ్యలో నా చూపు మూడుసార్లు గోడగడియారం మీదికి పోయింది. భోజనాల వేళ లెండి! పిల్లలు ఒకటే నవ్వు.

బుర్ర మీద భారం పెరిగితే కంటిపాప విప్పారుతుంది. గదిలో లైటు తగ్గినా విప్పారుతుంది. అందుకని ఆ ఒక్క అంకె చూసి 'టెన్షన్ పడింది' అనకూడదు. ఇంకో సంగతి. 2013లో అమెరికాలో అచ్చయిన ఒక పరిశోధనలో ఊపిరితిత్తుల స్కాన్‌లో గొరిల్లా బొమ్మ అతికించి 24 మంది రేడియాలజిస్టులకు చూపించారు. గడ్డలు వెతికే పనిలో 20 మంది దాన్ని పట్టుకోలేదు. వాళ్లలో సగానికి పైగా చూపు సరిగ్గా గొరిల్లా మీదే ఆనిందని యంత్రం చూపించింది! కన్ను ఎక్కడుందో అది చెబుతుంది, బుర్ర ఎక్కడుందో చెప్పలేదు. మార్కులు వేసేవాళ్లు ఇది మర్చిపోతే నాకు ఒళ్లు మండుతుంది.

నేర్చుకోవడానికి మాత్రం ఇది బంగారం. చెయ్యి ఎలా కదపాలో చెప్పించుకున్నవాళ్ల కంటే, నిపుణుల చూపు వీడియో చూసి అలా చూడటం నేర్చినవాళ్లు త్వరగా పట్టు సాధించారని 2011లో బ్రిటన్ పరిశోధకులు రాశారు. సీనియర్ల చూపు రికార్డింగు ఒకటి చూపించమని అమ్మాయిని వాళ్ల ప్రొఫెసర్ గారిని అడగమనండి. ముందు అన్నం పెట్టండి.