పై పంచమం అందాలంటే: గాత్ర సాధనపై పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: నా వయసు 27. చిన్నప్పుడు వర్ణాల వరకు నేర్చుకుని మానేసిన సంగీతాన్ని ఇప్పుడు మళ్ళీ మొదలుపెట్టాను. ఐదున్నర శ్రుతిలో (శ్రుతి అంటే ‘స’ను నిలిపే ఎత్తు, అంకె పెరిగేకొద్దీ అది పెరుగుతుంది) పాడతాను. పై షడ్జం (స) వరకు గొంతు హాయిగానే వెళుతుంది కానీ, గాంధారం (గ) దగ్గర బిగుసుకుపోతుంది. పంచమం (ప) పాడబోతే అరుపులా వినిపిస్తుంది, లేదా గొంతు ఒక్కసారిగా విరిగి పీలగా మారిపోతుంది. రోజూ గంటసేపు పై స్వరాలనే పట్టుబట్టి పాడుతున్నాను. ఫలితం లేకపోగా సాయంత్రానికి గొంతు బొంగురుపోతోంది. గాత్ర పరిధి పుట్టుకతో వచ్చేదేనా, సాధనతో పెరుగుతుందా?

జవాబు: సాధనతో తప్పకుండా పెరుగుతుంది, కానీ మీరు ఇప్పుడు చేస్తున్న సాధనతో మాత్రం పెరగదు. ముందుగా ఆ గంటసేపటి కసరత్తును ఆపి, బొంగురు పూర్తిగా తగ్గేవరకు గొంతుకు విశ్రాంతినివ్వండి.

ఐదున్నర శ్రుతిలో మీ ఆధార షడ్జానికి, గొంతులో ధ్వని పుట్టించే పొరలైన స్వరతంత్రులు సెకనుకు దాదాపు 208 సార్లు కంపిస్తాయి. పై షడ్జానికి అది 415 అవుతుంది, పై పంచమానికి 622 దాటుతుంది. ఒకటిన్నర సెంటీమీటరుకు అటూ ఇటూ ఉండే ఆ చిన్న పొరలు అంత వేగాన్ని అందుకోవాలంటే, వీణ తీగను బిగించినప్పుడు జరిగినట్టే, అవి సాగి పలచబడి బిగువెక్కాలి. అలా సాగదీసే కండరం స్వరపేటిక ముందువైపున ఉంటుంది. తంత్రుల లోపలే ఉన్న మరో కండరం ఇందుకు విరుద్ధంగా వాటిని పొట్టిగా, మందంగా చేస్తుంది. మనం మాట్లాడేటప్పుడు, కింది స్వరాలు పాడేటప్పుడు దానిదే పైచేయి. స్వరం పైకి వెళ్ళేకొద్దీ ఈ రెండో కండరం కొంచెం కొంచెంగా పట్టు సడలించి మొదటిదానికి దారి ఇవ్వాలి. మీ విషయంలో అది దారి ఇవ్వడం లేదు. కింది స్థాయిలోని నిండుదనాన్ని పోనివ్వకూడదన్న పట్టుదలతో ఆ మందాన్నే గాంధారం దాకా మోసుకుపోతున్నారు. అక్కడ సాగలేని తంత్రులను కదిలించడానికి ఊపిరి ఒత్తిడి పెంచుతున్నారు, మెడ కండరాలు కూడా సాయానికి వస్తున్నాయి, దాన్నే మీరు అరుపు అంటున్నారు. ఇక మోయలేక ఆ కండరం ఒక్కసారిగా వదిలేసినప్పుడు గొంతు విరుగుతోంది.

కాబట్టి గొంతు విరిగే చోట పోరాడటం వల్ల ప్రయోజనం లేదు; అక్కడికి చాలా ముందే, మధ్య స్థాయి పంచమం దగ్గరనుంచే, బరువు తగ్గించుకుంటూ వెళ్ళడం నేర్చుకోవాలి. ఇందుకు నాకు తెలిసినంతలో అన్నిటికంటే సులువైన సాధనం ఒక మామూలు స్ట్రా. దాన్ని పెదవుల మధ్య గట్టిగా పట్టుకుని, గాలి పక్కలనుంచీ ముక్కునుంచీ పోకుండా చూసుకుంటూ, మధ్య షడ్జం నుంచి పైకి ఎక్కడా ఆగకుండా జారుతూ వెళ్ళి, అదే విధంగా దిగి రండి. స్వరాలను విడివిడిగా పలకవలసిన పని లేదు. స్ట్రా వల్ల నోటిలో ఏర్పడే ఎదురు ఒత్తిడి స్వరతంత్రులు ఒకదానికొకటి బలంగా కొట్టుకోకుండా కాపాడుతుంది, అందుకే విరిగే చోటు కూడా చాలామందికి దీనితో సాఫీగా దాటిపోతుంది. పెదవులను బుర్రుమనిపిస్తూ పాడినా ఇదే ఫలితం వస్తుంది. కొన్నాళ్ళకు ఆ జారుడు నిలకడగా వచ్చాక స్ట్రా తీసేసి ‘ఊ’తో, ఆ తరువాతే అకారంతో, చివరగా స్వరాలతో పాడండి.

మొదట్లో పై స్వరాలు దొంగ గొంతులా సన్నగా వస్తాయి. దానికి సిగ్గుపడి వెంటనే బలం చేర్చబోతే మళ్ళీ మొదటికే వస్తారు. నా అభిప్రాయంలో ఒక స్వరం మీ పరిధిలోకి వచ్చిందని చెప్పడానికి అది గట్టిగా పలకడం గుర్తు కాదు. దాన్ని మెత్తగా అందుకుని, శ్రుతి చెదరకుండా కాసేపు నిలిపి, మర్నాడు కూడా అంతే తేలికగా పాడగలిగితేనే అది మీదైనట్టు. అప్పుడే అర్ధస్వరం (కీబోర్డుపై పక్క మెట్టు అంత) పైకి జరగండి. పది, పదిహేను నిమిషాల సాధనను రోజుకు రెండు మూడుసార్లు, మధ్యలో విరామమిస్తూ చేయడం ఏకబిగిన గంట పాడటంకంటే ఎంతో మేలు.

ఇంకొక్క సంగతి. సాహిత్యంతో పాడేటప్పుడు పై పంచమంలో ‘ఈ’, ‘ఊ’ వంటి అచ్చులు తగిలితే గొంతు నొక్కేసినట్టు అనిపిస్తుంది. ఆ అచ్చులకు నోటిలో సహజంగా ఉండే ప్రతిధ్వని మీరు పాడే స్వరంకంటే చాలా కిందనే ఉండిపోవడం ఇందుకు కారణం. కింది దవడను వదులుగా దించి, ‘ఈ’ని కాస్త ‘ఏ’ వైపుకు విప్పి పాడితే స్వరం తెరుచుకుంటుంది, వినేవారికి మాట ‘ఈ’గానే చేరుతుంది.

ఇంత చెప్పాక శ్రుతి గురించి కూడా అడగాలి: ఐదున్నర మీ గొంతు కోరుకున్న శ్రుతేనా, లేక చిన్నప్పుడు తరగతిలో అందరితోపాటు కుదిరిందా? మంద్ర (కింది) పంచమం నుంచి తార (పై) పంచమం వరకు ఉన్న రెండు స్థాయిలతో మన కచేరీ సంగీతంలో చాలా భాగం పాడవచ్చు. ఆ రెండు కొసలూ సమానంగా అందే శ్రుతి ఐదో, నాలుగున్నరో అయితే అదే పెట్టుకోండి. ఎక్కువ శ్రుతిలో పాడటాన్ని ఘనతగా చూసే ధోరణి మనలో ఉంది కానీ, దానివల్ల పాడైన గొంతులే ఎక్కువ. విశ్రాంతి ఇచ్చినా బొంగురు రెండు మూడు వారాల్లో పోకపోతే, చెవి ముక్కు గొంతు వైద్యుల చేత స్వరతంత్రులను పరీక్ష చేయించుకోండి. వాటిపై బుడిపెలు ఏర్పడితే సాధన పెంచినకొద్దీ హాని పెరుగుతుంది.

ప్రశ్న: నేను పురుషుణ్ణి, ఒకటిన్నర శ్రుతిలో పాడతాను. మంద్ర పంచమం పలకదు. తెల్లవారుజామున మాత్రం పలుకుతుంది. ఆ వేళ సాధన చేస్తే కింది స్థాయి పెరుగుతుందా?

జవాబు: నిద్ర లేచినప్పుడు స్వరతంత్రులు కొంచెం ఉబ్బి బరువుగా ఉంటాయి కాబట్టి ఆ స్వరం దొరుకుతుంది. అది సాధన ఫలం కాదు, కాసేపటికి పోతుంది. కింది హద్దును చాలావరకు తంత్రుల పొడవు, మందమే నిర్ణయిస్తాయి కనుక, పైవైపు పెరిగినంతగా కిందివైపు పరిధి పెరగదు. గడ్డాన్ని గుండెకు ఆనించి స్వరాన్ని అదిమి దించే అలవాటు ఉంటే మానండి. మధ్య షడ్జం నుంచి తక్కువ ఊపిరితో, గట్టిదనం కోరకుండా మెల్లగా దిగితే ఒకటి రెండు అర్ధస్వరాలు స్థిరపడవచ్చు. పై స్థాయి సౌకర్యంగా ఉంటే శ్రుతిని రెండుకు పెంచడం సూటి మార్గం. అప్పుడు మీ మంద్ర పంచమం 104 కంపనాల దగ్గరనుంచి 110కి జరుగుతుంది.

ప్రశ్న: పాడేముందు గోరువెచ్చని నీళ్ళు తాగితే పై స్వరాలు తేలిగ్గా వస్తాయంటారు. నిజమేనా?

జవాబు: మింగినది అన్నవాహికలోకి పోతుంది, స్వరతంత్రులను తాకదు. నీళ్ళు వాటికి మేలు చేసేది ఒళ్ళంతా తడిగా ఉన్నప్పుడే కనుక, రోజంతా తగినంత తాగాలి. గొంతు పొడిబారితే ఆవిరి పట్టడం నేరుగా పనిచేస్తుంది.

ప్రశ్న: మా అబ్బాయికి 14 ఏళ్ళు. ఐదు శ్రుతిలో చక్కగా పాడేవాడు, ఇప్పుడు గొంతు ఎక్కడ పడితే అక్కడ విరిగిపోతోంది. కొంతకాలం సంగీతం మాన్పించాలా?

జవాబు: మాన్పించనక్కరలేదు. ఈ వయసులో స్వరపేటిక వేగంగా పెరిగి, తంత్రులు పొడుగై, గొంతు దాదాపు ఒక స్థాయి కిందికి దిగుతుంది. ఇది కొందరిలో కొన్ని నెలల్లో, మరికొందరిలో ఏడాదికి పైబడి జరుగుతుంది. అంతవరకు పాత శ్రుతిని పట్టుకుని వేలాడకుండా, కొన్ని వారాలకోసారి గొంతు ఎక్కడ కుదురుతోందో చూసి శ్రుతి మార్చాలి. అందే నాలుగైదు స్వరాల్లోనే తక్కువ సేపు పాడించండి, మిగిలిన సమయం తాళానికి, వినికిడికి ఇవ్వండి. పోటీలు, బృందగానంలో పై స్వరాల బాధ్యత ఈ ఏడాదికి వద్దని గురువుగారికి ముందే చెప్పి ఉంచండి.