గిన్నె వెంటనే తిరిగిచ్చెయ్యకు చెల్లీ

చెల్లీ, నువ్వు రాసింది నిన్న రాత్రే చదివాను, కానీ తొందరపడి రాయడం ఇష్టంలేక పొద్దున్నదాకా ఆగాను. మీది విజయనగరం కోట దగ్గర అన్నావు, మాది కవిటి, ఉద్దానం. ఇచ్ఛాపురానికి కాస్త ఇవతల. ఇప్పుడు ఇది కూడా కవిటి నుంచే రాస్తున్నాను, అమ్మ దగ్గర ఆరు వారాలు ఉందామని వచ్చాను. నన్ను అక్కా అన్నావు, మన వైపు అప్ప అంటారు కదా, నువ్వూ అలాగే పిలువు, ఆ పిలుపు విని చాలా కాలమైంది.

నువ్వు అడిగినవి చూస్తే, పక్కింటి పెద్దావిడ గాజు గిన్నెలో ఏదో రొట్టె లాంటిది చేసి తెచ్చిస్తోంది దానికి బదులు ఏం ఇవ్వాలి, ముందు ముందు అమెరికా పౌరసత్వం తీసుకుంటే మనం ఏ దేశం మనుషులమని మీ మావగారు అడుగుతున్నారు, ఆ దేశంలో ముసలితనం ఎలా గడుస్తుంది. వేరు వేరు ప్రశ్నల్లా రాశావు గానీ పాతికేళ్ళు అక్కడ ఉన్నదాన్ని చెప్తున్నాను, మొదటిదానికి నువ్వేం చేస్తావో దాన్ని బట్టే మూడోది ఉంటుంది.

మేము వెళ్ళింది 2000 నవంబర్‌లో. మినియాపొలిస్‌లో చిన్న అద్దె ఇల్లు. అప్పట్లో హెచ్4 మీద, అంటే భర్త ఉద్యోగ వీసా వెంట ఇచ్చే వీసా మీద, వెళ్ళిన భార్యలకి ఉద్యోగం చేసే వీలే లేదు. ఆయన పొద్దున్న ఏడింటికి వెళ్తే రాత్రి ఏడు దాటాక వచ్చేవారు, మధ్యలో నేనూ ఆ హీటర్ చప్పుడూ. ఇంటికి మాట్లాడాలంటే ఫోన్ కార్డు కొనాలి, వెనక గీకితే వచ్చే నంబరు నొక్కాలి, పది డాలర్ల కార్డుకి అరగంట కూడా వచ్చేది కాదు, ఇక్కడ నాన్న ఎస్టీడీ బూత్‌లో స్టూలు మీద కూర్చుని ఎదురు చూసేవారు, మొదటి రెండు నిమిషాలు హలో హలో అనడంతోనే పోయేవి. మీ తరానికి ఆ బాధ తెలీదు. పొద్దున్నా సాయంత్రం వీడియోలో అమ్మని చూస్తూ కూర ఎలా వండాలో అడుగుతారు, మంచిదే, కాదనను, కానీ దానివల్లే పక్కింటి తలుపు కొట్టాల్సిన అవసరం మీకు తోచట్లేదు. ఆ ఫోను నీకు జ్వరమొస్తే కాస్త గంజి కాచి ఇవ్వదు కదా అమ్మా.

డిసెంబర్‌లో మొదటి పెద్ద మంచు పడింది. అక్కడ మంచు ఆగిన 24 గంటల్లో ఎవరింటి ముందు నడకదారి వాళ్ళే శుభ్రం చేసుకోవాలి, ఆ సంగతి మాకు తెలీదు, ఇంట్లో పార కూడా లేదు. పొద్దున్న లేచి కిటికీలోంచి చూస్తే పక్కింటాయన, డెబ్బైకి దగ్గర్లో ఉంటారు, మా గుమ్మం దాకా మంచంతా ఎత్తిపోసి, జారకుండా ఉప్పు కూడా చల్లి వెళ్ళిపోతున్నారు. నాకేమనిపించిందంటే ఊరు కాని ఊరొచ్చి ఒకరి రుణం ఉంచుకోకూడదు. ఒక కవర్లో 20 డాలర్లు పెట్టి వాళ్ళ తలుపు సందులోంచి తోసి వచ్చేశాను. సాయంత్రం ఆయన ఆ కవరు తెచ్చి నా చేతికిచ్చి ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. తక్కువైందేమో అనుకున్నాను చెల్లీ. మర్నాడు 40 పెట్టి మా ఆయన చేత పంపించాను.

ఈసారి వాళ్ళావిడ వచ్చింది. గుమ్మంలోనే నిలబడి, చేతి గ్లవుజులు తీసి, ఆ నోట్లు నా అరచేతిలో పెట్టి, నా వేళ్ళు ఒక్కొక్కటీ తనే మూసింది. ఏదో అంది, ఆ యాస నాకప్పుడు అందలేదు, ముఖం మాత్రం అర్థమైంది. మనూళ్ళో పెళ్ళి పనికి సాయం వచ్చిన వదినకి సాయంత్రం కూలి లెక్కకట్టి ఇవ్వబోతే ముఖం ఎలాగవుతుందో అలాగైంది.

అంతటితో బుద్ధి రావాలి, రాలేదు. ఓ నెల పోయాక ఆవిడే అరటిపండు కేకు లాంటిది ఒక ముక్క తెచ్చింది. డబ్బు ఇస్తే తప్పుగానీ వంట ఇస్తే తప్పేంటి అని అదే సాయంత్రానికి గారెలు, పులిహోర, జీడిపప్పు వేసిన పాయసం, ఇంత పెద్ద ట్రే నిండా పెట్టి పట్టుకెళ్ళాను. ఆవిడ థాంక్స్ చెప్పింది. తరవాత మూడేళ్ళు మా గుమ్మం ఎక్కలేదు. ఎందుకో చాలా ఏళ్ళకి తనే చెప్పింది, నేను ఒక ముక్క తెస్తే నువ్వు పండగంత తెచ్చావు, నీకు నేను ఇంక ఏం తేగలను, నీకు నాతో పనిలేదనుకున్నాను అంది.

ఇది మా అమ్మని చూసి నేర్చుకోవాల్సింది, కళ్ళముందే జరిగేది, నేనే పట్టించుకోలేదు. పక్కింటి నుంచి కూర గిన్నె వస్తే అమ్మ కడిగి గూట్లో బోర్లించేది. వారం ఉండేది, ఒక్కోసారి పది రోజులు. పెరట్లో పనసపండు కోసిన రోజు అందులో నాలుగు తొనలు వేసి నా చేత పంపేది. ఖాళీ గిన్నె పంపకూడదు, అలాగని పూట తిరక్కుండా పంపెయ్యకూడదు, పంపితే ఇంక నీతో మాకు పనిలేదని చెప్పినట్టుంటాది అనేది. మధ్యలో వాళ్ళు ఒలే మా గిన్నె ఏదే అని ఇంకోసారి వచ్చేవారు, వచ్చి అరగంట కూర్చునేవారు.

2004 ఫిబ్రవరి సంగతి చెప్తాను. మా అమ్మాయికి పది నెలలు. ఆయన వేరే ఊళ్ళో ప్రాజెక్టు, శుక్రవారం రాత్రికి గానీ రారు. నాకు జ్వరం పట్టుకుంది, లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి, బయట మైనస్‌లో చలి, అప్పటికి నాకు డ్రైవింగ్ రాదు. ఫోన్లో అమ్మకి బాగున్నాను అన్నాను, ఆయనకి బాగున్నాను అన్నాను. ఐదో రోజుకి పాలడబ్బా అడుగంటింది, స్పూనుతో గీకి చూసుకున్నాను, ఒక సీసాకి కూడా రాదు. అన్నం మెత్తగా ఉడికించి ఆ గంజి పట్టాను, అది తుపుక్కున ఉమ్మేసి ఏడుపు. అప్పుడు పిల్లని నా కోటు లోపల పెట్టుకుని జిప్పు లాక్కుని, చెప్పులతోనే ఆ మంచులో నడిచి వాళ్ళ తలుపు కొట్టాను. ఆవిడ ముందు పిల్లని అందుకుంది. ఎన్నాళ్ళయిందని అడిగింది. ఐదు రోజులు అన్నాను. ఐదు రోజులా అని అలాగే నిలబడిపోయి ఏడ్చింది. నా జ్వరానికి కాదు ఆ ఏడుపు, తను గోడ పక్కనే ఉండగా చెప్పలేదని. ఆ రాత్రి వాళ్ళాయన వెళ్ళి పాలడబ్బా తెచ్చారు, ఆవిడ మా సోఫాలో పడుకుంది. నేను డబ్బు సంగతి ఎత్తలేదు. మొదటిసారి ఎత్తకుండా ఉండగలిగాను.

ఆ తరవాత నేను మారాను. అన్నీ నేర్చుకున్నాను, మంచులో కారు నడపడం, పన్ను కాగితాలు నింపుకోవడం, గ్రీన్‌కార్డు వచ్చాక కాలేజీలో అకౌంట్స్ చదివి ఉద్యోగం తెచ్చుకోవడం, ఆ అద్దె ఇంటినే 2007లో కొనుక్కున్నాం, అప్పు కూడా తీర్చేశాం. ఇవి ఎవరైనా కష్టపడితే చేస్తారు, నువ్వూ చేస్తావు. కష్టమైంది ఏంటంటే పక్కింటికి వెళ్ళి నాకు ఇది కావాలి అని అడగడం.

పౌరసత్వం సంగతి. గ్రీన్‌కార్డు వచ్చిన ఐదేళ్ళకి అప్లై చెయ్యొచ్చు, మన దేశం రెండు పౌరసత్వాలు ఒప్పుకోదు కాబట్టి ఇక్కడి పాస్‌పోర్టు అప్పజెప్పాలి, ఓసీఐ అని, వేరే దేశం పౌరులైన మనవాళ్ళకి మన సర్కారిచ్చే కార్డు, అది తీసుకోవాలి, దానితో రావచ్చు పోవచ్చు గానీ ఓటు లేదు, వ్యవసాయ భూమి కొనకూడదు. మిగతావి సర్కారు వెబ్‌సైట్లో చూసుకో, రూల్స్ మారుతుంటాయి. నేను 2013లో తీసుకున్నాను, నాన్నకి చెప్పడానికి భయపడి నాలుగు నెలలు దాచాను, అదీ తప్పే. చెప్పాక ఆయన కాసేపు ఊరుకుని మామ్మ సంగతి చెప్పారు. మీ మావగారికి ఇది చెప్పు. మా మామ్మ పుట్టింది కవిటిలో, పోయిందీ కవిటిలో. పుట్టినప్పుడు ఇది మద్రాసు ప్రెసిడెన్సీలో గంజాం జిల్లా. 1936లో ఒరిస్సాని విడిగా చేసినప్పుడు మా వైపు విశాఖపట్నం జిల్లాలో కలిసింది. 1950లో శ్రీకాకుళం జిల్లా అయింది. 1953లో ఆంధ్ర రాష్ట్రం, 1956లో ఆంధ్రప్రదేశ్. ఆవిడ ఒరియాలో బేరమాడేది, తెలుగులో దణ్ణం పెట్టుకునేది, ఇల్లు కదల్లేదు, కాగితాలే ఆవిడ చుట్టూ తిరిగాయి. మీ విజయనగరం జిల్లా కూడా 1979లో వచ్చిందే కదా, అంతకుముందు మీ తాతగారు ఎవరు కాకుండా పోయారా. నాన్న నన్ను అడిగింది ఒక్కటే, అక్కడ నీకు కష్టమొస్తే వచ్చేవాళ్ళు ఉన్నారా అని. ఉన్నారు అన్నాను. అయితే సరే అన్నారు.

2018లో తిత్లీ తుఫాను వచ్చింది, అక్టోబర్ 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటింది, మినియాపొలిస్‌లో మాకు అది 10వ తారీకు సాయంత్రం. మూడు రోజులు ఇక్కడి ఫోన్లు పలకలేదు. టవర్లు పడిపోయాయి, కరెంటు లేదు, ఎవరికి చేసినా అదే రికార్డు మాట. అప్పటికి మా పక్కింటావిడ భర్త పోయి ఏడేళ్ళు. ఆవిడ కర్ర పట్టుకుని వచ్చి మా వంటింట్లో టేబుల్ దగ్గర కూర్చుంది, మూడు రాత్రులు. ఓదార్పు మాటలేవీ చెప్పలేదు, ఉల్లిపాయలు తరిగేది, గిన్నెలు తుడిచేది. నాలుగో రోజు నాన్న గొంతు వినిపించింది, మనుషులం బాగున్నాం, కొబ్బరిచెట్లన్నీ పడిపోయాయి అన్నారు. డెబ్బై దాటినాయన మళ్ళీ మొక్కలు వేయించారు. ఇప్పుడు నాన్న లేరు, నిన్న ఆ చెట్టు కాయే కొట్టి అమ్మ పచ్చడి చేసింది.

ముసలితనం గురించి నాకున్న భయం నీకు చెప్పకుండా ఉండలేను, నాకిప్పుడు 51. డబ్బు భయం కాదు, పదేళ్ళు పనిచేసి పన్ను కడితే సోషల్ సెక్యూరిటీ అనే పింఛను, 65కి మెడికేర్ అనే సర్కారు ఆరోగ్య బీమా, దారులున్నాయి. 2023లో అక్కడి సర్జన్ జనరల్, అంటే ప్రజారోగ్యం మీద సర్కారు తరపున మాట్లాడే పెద్ద డాక్టరు, వివేక్ మూర్తి అని, కర్ణాటక మూలాలున్నాయన, ఒంటరితనం మీద దేశానికే హెచ్చరిక రాశారు, మనుషుల్లేకుండా బతకడం రోజుకి 15 సిగరెట్ల దాకా తాగినంత హాని అని. అది చదివినప్పుడు నేను పక్కింటావిడ గురించి ఆలోచించాను, పిల్లలు ఇద్దరూ దూర రాష్ట్రాల్లో. 2016లో ఆవిడ బాత్రూంలో పడిపోయి సాయంత్రం దాకా అలాగే ఉంది. ఆ తరవాత మేము ఒక మాట అనుకున్నాం. పొద్దున్న తొమ్మిదిలోపు ఆవిడ వంటింటి కిటికీ తెర పైకి లేవాలి, లేవకపోతే నేను తాళంచెవి తీసుకుని వెళ్తాను. అలాగే నా తెర ఆవిడ చూస్తుంది. ఇప్పుడు ఆవిడకి 89. నేను ఇక్కడున్న ఈ ఆరు వారాలూ ఎదురింటి సోమాలీ వాళ్ళ అబ్బాయి కాలేజీకి వెళ్తూ ఆ తెర చూసి నాకు మెసేజ్ పెడుతున్నాడు.

అమ్మని అక్కడికే తీసుకెళ్ళిపోవచ్చు కదా అని నువ్వనొచ్చు. తీసుకెళ్ళాను, 2022లో ఐదు నెలలు ఉంది. రోజూ కిటికీ దగ్గర కూర్చుని ఈ వీధిలో మనుషులు ఎప్పుడు బయటికొస్తారే అని అడిగేది. తిరిగొచ్చేసింది. ఈవేళ పొద్దున్న మోకాళ్ళ నొప్పితో అమ్మ ముగ్గు వెయ్యలేదు, ఇంకా ఆరున్నర కాలేదు, గోడ మీంచి పిలుపు, ఏటొదినా, ముగ్గు పడలేదేటి, ఒంట్లో బాగోలేదా అని. నేను లోపల పక్క మీద ఉండి విన్నాను, నాకు ఆ తెర గుర్తొచ్చింది.

తెలుగు సంఘాలు, ఉగాది సభలు, గుడి, అన్నిటికీ వెళ్ళు, చీర కట్టుకుని వెళ్ళు, మనవాళ్ళతో మాట్లాడితే ఆ వారమంతా బాగుంటుంది. కానీ వాళ్ళు ముప్ఫై మైళ్ళ దూరంలో ఉంటారు, మంచు రాత్రి రాలేరు.

ఆ గాజు గిన్నె ఇంకా నీ దగ్గరే ఉందన్నావు కదా. అక్కడే ఉండనీ. పెద్ద వంటలేవీ పెట్టుకోకు. వచ్చే శనివారం ఎండ ఉన్నప్పుడు, మధ్యాహ్నం మూడు ఆ ప్రాంతంలో, అందులో నాలుగు జంతికలో ఇంత అటుకుల మిక్చరో వేసి పట్టుకెళ్ళు. లోపలికి రమ్మంటే చెప్పులు విప్పి వెళ్ళు, కాదనకు. కూర్చున్నాక, ఆ ఓవెన్ నాకు రావట్లేదండీ, ఆ రొట్టె ఎలా చేస్తారో ఒకసారి మా ఇంటికొచ్చి చూపిస్తారా అని అడుగు.