క్లచ్‌కు ఆయిల్ పైపు వేసే ముందు

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

మీ నాన్న ఏడురోడ్ల దగ్గర కనిపించిన వాళ్లందరికీ ఫోను తీసి నీ కారు ఫొటో చూపిస్తున్నాడు. "మావాడు అమెరికాలో పోర్షా కొన్నాడు" అని ఒకటే మురిపెం. అది వోక్స్‌వ్యాగన్, పోర్షా కలిసి తీసిన 914 అనీ, నీ రెండు లీటర్ల ఇంజిన్ వోక్స్‌వ్యాగన్ వంశానిదేననీ నేను అంటే మొహం మాడ్చుకున్నాడు. నాకు మాత్రం అందుకే నచ్చింది. గొప్పలకు పోయేవాడు కొత్త కారు కొంటాడు, 1973 నాటి బండి కొన్నవాడు పానా పట్టుకోవాలనుకుంటాడు. మన ఇంట్లో ఇంకొకడికి చేతులకు గ్రీజు అంటబోతోందని సంతోషించాను. కేబుల్ క్లచ్ పీకేసి హైడ్రాలిక్, అంటే ఆయిల్ ఒత్తిడితో పనిచేసేది, వేస్తానన్నావని తెలిసినప్పటి నుంచి మాత్రం మనసు కుదురుగా లేదు. ఎందుకో రాస్తాను. ముందు మామూలు సంగతులు.

నీ ఆలోచనలో తప్పు లేదు. పోర్షా వాళ్లే తమ 911 కారుకు అన్నేళ్లు కేబుల్‌తో నడిపి, 1987లో కొత్త జి50 గేర్‌బాక్స్‌తో పాటు హైడ్రాలిక్‌కు మారారు. కానీ నువ్వు ఎందుకు మారుస్తున్నావు? పెడల్ బరువుగా ఉందనా, గేరు గరగరమంటోందనా, కేబుల్ మాటిమాటికీ తెగుతోందనా? అయితే ముందు జబ్బేమిటో చూడు, మందు తరువాత. ఆ కారులో ఇంజిన్ సీట్ల వెనక, గేర్‌బాక్స్ దానికీ వెనక. పెడల్ దగ్గర బయలుదేరిన కేబుల్ మధ్య టన్నెల్‌లో ఒక సన్నని గొట్టం గుండా వెళ్లి, వెనక ఒక కప్పీ చుట్టూ తిరిగి, క్లచ్‌ను విడదీసే ఫోర్కును లాగుతుంది. ఆ గొట్టాన్ని టన్నెల్‌కు పట్టి ఉంచే వెల్డింగ్ వయసు మీద పడితే ఊడిపోతుంది. ఇక పెడల్ నొక్కినప్పుడల్లా గొట్టమే కదులుతుంది, కేబుల్ లాగాల్సినంత లాగదు. ఎవరినైనా పెడల్ నొక్కమని, నువ్వు వెనక గోడ దగ్గర ఆ గొట్టం కొస మీద వేలు పెట్టి చూడు. కదిలిందా, దొంగ దొరికినట్టే. దాన్ని మళ్లీ అతికించి, కొత్త కేబుల్ వేసి, కప్పీకి, ఫోర్కు కూర్చునే చోటికి గ్రీజు పెడితే పెడల్ తేలికవుతుంది. అప్పుడు హైడ్రాలిక్ కావాలో వద్దో నిదానంగా ఆలోచించుకోవచ్చు.

అతికించడమన్నాను కదా అని వెంటనే వెల్డింగ్ కర్ర పట్టుకునేవు! ఆ టన్నెల్‌లోనే పెట్రోలు పైపులు పోతాయి. కంపెనీ వేసినవి ప్లాస్టిక్‌వి. యాభై ఏళ్ల ప్లాస్టిక్ చేత్తో వంచితేనే పుటుక్కుమంటుంది. ముందున్న యజమాని మార్చాడని నోటి మాట నమ్మకు, కళ్లతో చూడు. ట్యాంకు ఖాళీ చేసి, ఆ పైపులు బయటికి లాగేసి, బ్యాటరీ తీగ ఊడదీశాకే నిప్పు దగ్గరికి రావాలి. పక్కన మనిషి లేకుండా వెల్డింగ్ చేశావని తెలిస్తే అమెరికా అని చూడను, ఫోనులోనే నాలుగు అంటిస్తాను. తిరిగి బిగించేటప్పుడు ఆ పైపులు స్టీలువి వేసుకో.

ఇంత చెప్పినా హైడ్రాలిక్కే కావాలంటావు. మొండితనం మీ నాన్న పోలిక. సరే, లెక్క చూసుకో. పెడల్ దగ్గర ఆయిల్‌ను నెట్టే మాస్టర్ సిలిండర్ లోపలి వ్యాసం 19 మిల్లీమీటర్లు, ఫోర్కు దగ్గర ఆ ఒత్తిడి అందుకునే స్లేవ్ సిలిండర్‌ది 22 అనుకో. మాస్టర్ పిస్టన్ 30 మిల్లీమీటర్లు నడిస్తే స్లేవ్ ఇంచుమించు 22 నడుస్తుంది. మాస్టర్ పెద్దదైతే ఫోర్కు ఎక్కువ కదులుతుంది, పెడల్ బరువెక్కుతుంది. చిన్నదైతే కాలికి సుఖమే కానీ క్లచ్ పూర్తిగా విడదు. రెండూ ఒక్కసారి దొరకవు. మరీ ఎక్కువ నడిస్తే క్లచ్ లోపలి ప్రెషర్ ప్లేట్ వేళ్లు విరుగుతాయి కాబట్టి పెడల్ కింద గట్టి స్టాపర్ ఉండాలి. నీ ఫోర్కును కేబుల్ లాగుతుంది, మామూలు స్లేవ్ నెడుతుంది. దాన్ని ఏ వైపు పెడితే ఫోర్కు సరైన దిక్కుకు కదులుతుందో ముందే తేల్చుకో. బ్రాకెట్ గేర్‌బాక్స్‌కే బిగించు, బాడీకి వద్దు. ఇంజిన్ రబ్బరు మౌంట్ల మీద ఊగినప్పుడల్లా క్లచ్ దానంతటది పట్టి వదులుతుంటే బండి దడదడలాడుతుంది. రేకు ముక్కతో సరిపెట్టకు. పెడల్ నొక్కగానే బ్రాకెట్ వంగిందంటే ఆ వంగినంతా క్లచ్‌కు అందకుండా పోయినట్టే.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. ఆయిల్ డబ్బా.

నీ కారుకు బ్రేక్ ఆయిల్ డబ్బా ముందు డిక్కీలో ఉంటుంది. అక్కడి నుంచే క్లచ్‌కూ ఒక పైపు లాగితే రెండో డబ్బా, దాని బ్రాకెట్ తప్పుతాయి కదా అని ఎవరైనా చెబుతారు. నీకే తట్టినా తట్టవచ్చు. వద్దు. మీ నాన్న చేసింది అదే.

గువ్వలచెరువు ఘాట్‌లో బ్రేకులు పోయిన కథ ఆయన నోట నువ్వు చాలాసార్లు విని ఉంటావు. కొండ, దేవుడు, తన ధైర్యం అన్నీ ఉంటాయి అందులో. కారణం మాత్రం ఉండదు. అప్పటికి నువ్వు పుట్టలేదు. పెట్రోలు ఇంజిన్ తీసేసి డీజిల్ ఇంజిన్ కూర్చోబెట్టిన జీపు ఒకటి కొన్నాడు. ఆ ఇంజిన్‌కు పాత క్లచ్ రాడ్డు కుదరలేదు. హైడ్రాలిక్ చేస్తే సరిపోతుందని నేనే అన్నాను, డబ్బా వేరేగా పెట్టాలని కూడా అన్నాను. బావగారికి తొందర. నేను ఊళ్లో లేనప్పుడు ఇంకో షెడ్డుకు తీసుకువెళ్లి చేయించుకువచ్చాడు. వాళ్లు బ్రేక్ డబ్బా అడుగున టీ-జాయింట్ వేసి క్లచ్‌కు లైను ఇచ్చారు. పని చూడముచ్చటగానే ఉంది. పెడల్ వెన్నలా దిగుతోందని మా అక్కను ఎక్కించుకుని రాయచోటి పెళ్లికి బయలుదేరాడు.

తిరుగు ప్రయాణంలో గువ్వలచెరువులో ఆగి పాలకోవా కొన్నారు. ఘాట్ దిగుతూ మూడో గేరు నుంచి రెండుకు రావడానికి క్లచ్ నొక్కితే పెడల్ నేలకు అంటుకుపోయింది. గేరు న్యూట్రల్‌లోకి వచ్చేసింది, మళ్లీ పడదు. జీపు వేగం అందుకుంది. బ్రేకు మీద కాలు వేస్తే అదీ మెత్తగా అడుగుకు పోయింది. చేతి బ్రేకు లాగి, లోయ వైపు పోనివ్వకుండా కొండ వైపు కాలువలోకి తిప్పాడు. ఆ ఒక్క క్షణం మెప్పు ఆయనకు దక్కాల్సిందే. చక్రం వంగింది, అద్దం పగిలింది, మనుషులకు గీతలతో పోయింది. నేను వెళ్లేసరికి మా అక్క రోడ్డు పక్కన రాతి మీద కూర్చుని ఉంది. కోవా పొట్లం ఒళ్లోనే ఉంది. ఆయనతో మాట్లాడటం లేదు.

జీపును షెడ్డుకు ఈడ్చుకువచ్చి కింద దూరి చూశాను. క్లచ్ రాగి పైపును ఒక క్లాంపుతోనే సరిపెట్టారు. అది ఊగి ఊగి సైలెన్సర్ బ్రాకెట్‌కు రాసుకున్న చోట అద్దంలా మెరిసి, మధ్యలో సూదిమొనంత రంధ్రం. దాని చుట్టూ మట్టి తడిసి ముద్దగా ఉంది. కారింది క్లచ్ పైపు. కానీ టీ-జాయింట్ అడుగున ఉంది కాబట్టి డబ్బాలో ఒక్క చుక్క మిగల్లేదు. రంధ్రం చిన్నదే. రెండు పెడళ్లకూ ఒకే డబ్బా కావడమే కొంప ముంచింది.

కొత్త కార్లలో కంపెనీ వాళ్లు ఒకే డబ్బా వాడటం లేదా అంటావు. వాడతారు. క్లచ్ పైపును డబ్బా పక్కన, ఎత్తుగా తీస్తారు. క్లచ్ ఎంత కారినా ఆ మట్టం కింద ఉన్న ఆయిల్ బ్రేకులకే ఉంటుంది. ఇంట్లో చేసుకునేవాడు ఆ ఎత్తు చూడడు, చెయ్యి అందిన చోట బెజ్జం వేస్తాడు. నీ బ్రేకులకు రెండు సర్క్యూట్లు (వేర్వేరు ఆయిల్ దారులు) ఉన్నాయని ధైర్యం చెప్పుకోవద్దు. చిన్న డబ్బా ఒకటి విడిగా పెట్టు, మూత తీయకుండానే మట్టం కనిపించేది. పైపు కారు పొడవునా పోతుంది కాబట్టి జానెడుకొక క్లాంపు వేయి, సైలెన్సర్‌కూ హీటర్ పెట్టెలకూ దూరంగా. ఇంజిన్ కదిలే చోట మాత్రం అల్లిక హోస్.

మిగిలినవి నీకు తెలిసినవే. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ వేయి, సిలికాన్ రకం డాట్ 5తో కలపకు, ఇంజిన్ ఆయిల్ చుక్క కూడా పడనివ్వకు, రబ్బర్లు ఉబ్బుతాయి. పెయింట్ మీద పడితే వెంటనే నీళ్లతో కడుగు. గాలి వదిలే బ్లీడర్ పైకి ఉండేటట్టు స్లేవ్ బిగించు. అంత పొడుగు లైనులో గాలి మొండికేస్తుంది, కింది నుంచి సిరంజితో ఆయిల్ ఎక్కిస్తే తొందరగా పోతుంది. పెడల్ వదిలినప్పుడు పెడల్ నుంచి వచ్చే పుష్‌రాడ్‌కూ మాస్టర్ పిస్టన్‌కూ మధ్య ఒక మిల్లీమీటరు సందు ఉండాలి. లేకపోతే వేడికి పొంగిన ఆయిల్ వెనక్కి పోలేక క్లచ్‌ను తనే నొక్కి పట్టుకుంటుంది. మన కడప ఎండల్లో ఇలా క్లచ్ జారుతుంటే ప్లేటు అరిగిందని గేర్‌బాక్స్ దించేసిన వాళ్లను చూశాను. ఒక నట్టు సగం చుట్టు తిప్పితే పోయేది.

పాత కేబుల్, కప్పీ, గొట్టం పారేయకు. కోసిందేదీ లేకుండా చేస్తే రేపు ఎవరైనా కంపెనీ తీరుకు తెచ్చుకోగలరు. అలాంటి కారుకు విలువ ఎక్కువ.

సిలిండర్లు ఇంకా కొనలేదు కదా? కొనకు. ముందు ఫోర్కు కొస ఎంత నడిస్తే రివర్స్ గేరు శబ్దం లేకుండా పడుతుందో స్కేలు పెట్టి కొలిచి రాయి. పెడల్ దగ్గర ఖాళీ ఎంత ఉందో ఫొటో తీసి పంపు. మీ నాన్న ఫోనుకు మాత్రం కాదు, నా ఫోనుకు.

ఇట్లు,
మామయ్య, కడప