జర్మనీలో విదేశీ వ్యవహారాలు చూసేది ఎవరు? కేంద్రమా, రాష్ట్రాలా?

జర్మనీలో 16 రాష్ట్రాలు ఉన్నాయి, ప్రతి రాష్ట్రానికీ సొంత ప్రభుత్వం ఉంది, మరి బయటి దేశాలతో వ్యవహారం నడిపేది ఎవరు, ప్రెసిడెంటా, మన ప్రధానమంత్రి లాంటి చాన్సలరా అని అడిగారు. వచ్చే ఏడాది చదువుకోడానికి వస్తున్నానని కూడా రాశారు. నేను ఇక్కడ ఉద్యోగం చేస్తున్నాను. ఈ పద్ధతి నాకు ఒక కాగితం వల్ల అర్థమైంది, ముందు ఆ సంగతి చెబుతాను.

నాకు వీసా ఇచ్చింది చెన్నైలోని జర్మన్ కాన్సులేట్. మన రెండు రాష్ట్రాలూ దాని పరిధిలోకే వస్తాయి. కాన్సులేట్లు బెర్లిన్‌లోని విదేశాంగ శాఖవి, అంటే కేంద్రానివి. ఇక్కడ దిగాక రెసిడెన్స్ పర్మిట్ ఇచ్చేది మాత్రం మనం ఉండే ఊళ్లోని విదేశీయుల ఆఫీసు. 2022లో నా పర్మిట్ గడువు ముగుస్తోంది. రెన్యువల్‌కి అప్లై చేసి నెలలైనా ఉలుకూ పలుకూ లేదు. సరిగ్గా అప్పుడే నాన్నకి గుండె ఆపరేషన్ అన్నారు. ఆ టెన్షన్‌లో బెర్లిన్‌కి మెయిల్ పెట్టాను, వీసా ఇచ్చింది మీరే కదా, ఇదీ చూడండి అని. జర్మనీలోకి వచ్చాక మీ ఫైలు మీ ఊరి ఆఫీసుదే, అందులో మాకు అధికారం లేదని రెండు వాక్యాల్లో జవాబు వచ్చింది. అప్పుడు కోపం వచ్చింది కానీ వాళ్లు చెప్పింది నిజం.

చివరికి ఒకరోజు తెల్లవారుజామునే వెళ్లి ఆఫీసు ముందు లైన్లో నిలబడ్డాను. కౌంటర్లో ఉన్నావిడ ఒక తాత్కాలిక పత్రం ఇచ్చింది, ఫిక్సియోన్స్‌బెషైనిగుంగ్ అంటారు. మడత పెట్టిన కాగితం, లోపల మూడు గళ్లు. మూడో గడిలో గుర్తు ఉంటేనే పాత పర్మిట్ కొనసాగుతున్నట్టు లెక్క, దేశం దాటి వెళ్లి మళ్లీ రావచ్చు. ఆవిడ ఆ గడి మీద వేలు పెట్టి చూపించి మరీ ఇచ్చింది. నాన్నని ఐసీయూ నుంచి వార్డుకి మార్చేసరికి పక్కనే ఉన్నాను. తిరిగొచ్చినప్పుడు ఎయిర్‌పోర్టులో ఆ గడిని పరిశీలించింది కేంద్ర పోలీసులు. మామూలు పోలీసులు రాష్ట్రాలవాళ్లు, సరిహద్దు కాసేది కేంద్రం వాళ్లు.

అంటే చట్టం కేంద్రానిది, దాన్ని బట్టి నాకు కాగితం రాసిచ్చింది ఊరి ఆఫీసు, సరిహద్దులో దాన్ని చూసింది మళ్లీ కేంద్రం. 1949 నాటి రాజ్యాంగంలో 83వ ఆర్టికల్ చెప్పేది ఇదే. వేరేగా చెప్పిన చోట తప్ప, కేంద్రం చేసిన చట్టాలను కూడా అమలు చేసేది రాష్ట్రాలే. విదేశాంగ సర్వీసు అలా వేరేగా చెప్పిన వాటిలో ఒకటి, అది కేంద్రం సొంతంగా నడుపుతుంది.

ఇక మీ అసలు ప్రశ్న. 32వ ఆర్టికల్ ప్రకారం ఇతర దేశాలతో సంబంధాలు కేంద్రానివే. కానీ అదే ఆర్టికల్‌లో ఇంకో మాట ఉంది. తాము చట్టం చేయగల విషయాల్లో రాష్ట్రాలు కూడా, కేంద్రం అనుమతితో, విదేశాలతో ఒప్పందం చేసుకోవచ్చు. ఇది కాగితం మీద మిగిలిపోయిన మాట కాదు. కాన్‌స్టాన్స్ సరస్సు నీళ్లు పాడవకుండా 1960లో కుదిరిన ఒప్పందంలో ఆస్ట్రియా, స్విట్జర్లాండ్‌లతో పాటు ఉన్నవి బవేరియా, బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రాలు. సరస్సు ఒడ్డున ఉన్నది వాళ్లు, ఆ నీళ్లు తాగేది వాళ్లు. మన నదుల గొడవలు చూస్తూ పెరిగినవాణ్ణి కాబట్టి, ఇది చదివినప్పుడు చాలాసేపు దీని గురించే ఆలోచించాను.

ప్రెసిడెంటు పేరు మీద ఒప్పందాలు జరుగుతాయి, విదేశీ రాయబారులు తమ పత్రాలు ఆయనకే అందిస్తారు. మన రాష్ట్రపతిలాగే అనుకోండి. దారి నిర్ణయించేది చాన్సలర్, శాఖ నడిపేది విదేశాంగ మంత్రి. ఇక్కడ ఎక్కువగా సంకీర్ణ ప్రభుత్వాలే కాబట్టి ఆ మంత్రి పదవి చాలా ఏళ్లు భాగస్వామి పార్టీకే పోయింది. అలాంటి భాగస్వామి పార్టీ ఎఫ్‌డీపీ నాయకుడు గెన్షర్ 1974 నుంచి 1992 దాకా, 1982లో కొద్ది రోజులు తప్పిస్తే, ఆ కుర్చీలోనే ఉన్నారు. 2025లో మాత్రం చాన్సలర్ మెర్త్స్ సొంత పార్టీకి చెందిన వాడెఫుల్ మంత్రి అయ్యారు. సైన్యాన్ని సాయుధంగా బయటి దేశాలకు పంపాలంటే మాత్రం పార్లమెంటు ఒప్పుకోవాల్సిందే. 1994లో రాజ్యాంగ న్యాయస్థానం అలా తేల్చింది.

రాష్ట్రాల గొంతు కేంద్రంలో వినిపించే చోటు బుండెస్రాట్. దీన్ని మన రాజ్యసభతో పోల్చకండి. అక్కడ కూర్చునేది ఎన్నికైన సభ్యులు కారు, రాష్ట్ర ప్రభుత్వాల మంత్రులే. మొత్తం 69 ఓట్లు, జనాభాను బట్టి రాష్ట్రానికి 3 నుంచి 6. ఒక రాష్ట్రం తన ఓట్లన్నీ ఒకే వైపు వేయాలి, చీల్చి వేస్తే చెల్లవు. యూరోపియన్ యూనియన్ వ్యవహారాల్లో కూడా రాష్ట్రాలు తమ మాట చెప్పేది ఇక్కడి నుంచే.

మీకు నేరుగా పనికొచ్చేది ఒకటి ఉంది. చదువు ఇక్కడ రాష్ట్రాల విషయం. అందుకే మన జేఎన్‌టీయూ డిగ్రీ చెల్లుతుందో లేదో చూసుకునే అనాబిన్ డేటాబేస్‌ను నడిపేది కూడా విదేశాంగ శాఖ కాదు, రాష్ట్రాల విద్యా మంత్రుల ఉమ్మడి సంస్థకు చెందిన విభాగం. వీసా పని మొదలుపెట్టే ముందే అందులో మీ యూనివర్సిటీ పేరు వెతకండి. వచ్చాక పర్మిట్ ఆలస్యమైతే బెర్లిన్‌కి మెయిళ్లు రాస్తూ కూర్చోకండి, ఊరి ఆఫీసుకే వెళ్లండి. తాత్కాలిక పత్రం ఇస్తే, టికెట్ కొనే ముందు ఆ మూడో గడి చూసుకోండి.