పబ్బం అంటే కణుపు

సందేహం: సింగపూర్‌లో ఉంటున్నాం. చైనావాళ్ల కొత్త సంవత్సరానికి మా తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులో ‘పర్వదిన శుభాకాంక్షలు’ అని పెట్టాను. ‘పర్వం హిందువులది, వాళ్లది వట్టి పండుగ’ అని ఒకాయన దిద్దారు. పోనీ ‘పండుగ–పబ్బం’ అందామంటే, వార్తల్లో ‘పబ్బం గడుపుకుంటున్నారు’ అన్నమాట తిట్టులా వినిపిస్తోంది. పర్వం, పబ్బం, పండుగ, దినోత్సవం... వీటిలో దేన్ని ఎక్కడ వాడాలి? – ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, మీరు రాసింది సరైన మాటే. దిద్దినవారే తొందరపడ్డారు. ఎందుకో చెప్పాలంటే ముందు చెరకు తోటలోకి వెళ్లాలి.

‘పర్వం’ అంటే మొదటి అర్థం కణుపు. వెదురుకూ చెరకుకూ గడ మీద వరసగా కనిపిస్తాయే, అవి. అమరకోశం ‘గ్రంథిర్నా పర్వపరుషీ’ అంటూ కణుపుకు మూడు పేర్లు చెబుతుంది. వాటిలో పర్వం ఒకటి. వేలి కీళ్లూ పర్వాలే. జపం చేసేటప్పుడు బొటనవేలితో లెక్కపెట్టేది వాటి మీదనే. భారతానికి పద్దెనిమిది పర్వాలు అన్నామంటే అది పద్దెనిమిది కణుపుల గడ అన్నమాట. నన్నయ గారి చేతిలో ఆ గడ అరణ్యపర్వం నడుమ, కణుపు చేరకుండానే ఆగిపోయింది. తిక్కన గారు విరాటం దగ్గర కొత్త కణుపు నుంచి ఎత్తుకొని పదిహేను పర్వాలు పూర్తిచేశారు. మిగిలిన ఆ నడిమి ముక్కను అతికించినవారు ఎర్రన గారు.

కాలం కూడా ఇలాంటి గడేనని పూర్వులు ఊహించారు. యజ్ఞాల సంగతులు చెప్పే వేదభాగం శతపథ బ్రాహ్మణంలో ఒక కథ ఉంది. ప్రజలను సృష్టించాక ప్రజాపతి కీళ్లు సడలిపోయాయట. ప్రజాపతి అంటే సంవత్సరం. ఆయన కీళ్లేమో పగలూ రాత్రీ కలిసే రెండు సంధ్యలు, పున్నమి, అమావాస్య, ఋతువుల మొదళ్లు. దేవతలు ఉభయ సంధ్యల్లో అగ్నిహోత్రం చేసి, పున్నమికీ అమావాస్యకూ ఇష్టులనే యాగాలు చేసి, ఋతువుల మొదట చాతుర్మాస్య యాగాలు చేసి ఆ సడలిన కీళ్లను మళ్లీ బిగించారు. పండుగ ఎందుకు చేసుకుంటాం అన్న ప్రశ్నకు ఇంత చక్కని జవాబు నేను మరెక్కడా చదవలేదు. కాలం కీలు దగ్గర వదులవుతుంది, మనిషి అక్కడ ఆగి దాన్ని బిగిస్తాడు! తర్వాతి కాలంలో అష్టమి, చతుర్దశి, అమావాస్య, పున్నమి, సూర్యసంక్రమణం అనే అయిదింటినీ పర్వాలుగా లెక్కపెట్టారు. చెరకు నాటే రైతును అడగండి. కన్ను ఉన్న ముచ్చెనే, అంటే గడ ముక్కనే నాటుతాడు, ఆ కన్ను ఉండేది కణుపు మీదనే. కణుపు గడ ఆగే చోటు, కొత్త మొలక పుట్టే చోటు కూడా.

ఇప్పుడు మీ సింగపూర్‌కు వద్దాం. చైనావాళ్లు ఆ కొత్త సంవత్సరాన్ని ‘చున్‌జియే’ అంటారు. చున్ అంటే వసంతం. జియే అంటే పండుగ. ఆ ‘జియే’కు అసలు అర్థం ఏమిటనుకున్నారు? వెదురు కణుపు! పాత లిపిలో ఆ అక్షరం నెత్తిన వెదురు గుర్తు ఇప్పటికీ ఉంది. సరళ లిపిలో పోయింది. వియత్నాం వాళ్లు తమ కొత్త సంవత్సరాన్ని ‘తెత్’ అంటారు, అదీ ఈ మాటే. ఋతువులు మారే వేళ జపాన్‌వాళ్లు జరుపుకొనే సెట్సుబున్‌లోని ‘సెట్సు’ కూడా ఇదే. సూర్యుడి దారిని పదిహేనేసి డిగ్రీల చొప్పున చైనావాళ్లు 24 భాగాలు చేశారు. వాటి పేరు ‘జియేచీ’. అందులోనూ కణుపే ఉంది. మన సంక్రాంతులు ముప్పైయేసి డిగ్రీలకు ఒకటి, మొత్తం పన్నెండు. ఒకరి మాటను ఒకరు అరువు తెచ్చుకున్న జాడ లేదు. వెదురు గడను చూసి రెండు జాతులూ ఒకే ఊహ చేశాయి. ఈ సంగతి తెలిసిన రోజు నాకు రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

తిథి కూడా కలుస్తుంది. వాళ్ల సంవత్సరాది అమావాస్యను పట్టుకొనే వస్తుంది. 2025లో అది జనవరి 29. సరిగ్గా ఆ రోజే మనకు పుష్య బహుళ అమావాస్య, కాకినాడ దగ్గర చొల్లంగి తీర్థం. పదిహేనో రోజున వాళ్లు దీపాల పండుగ చేసుకునేది పున్నమికి. ఇంక పర్వం కానిదెక్కడ?

పబ్బం సంగతి. ‘పర్వ’ ప్రాకృతంలో ‘పబ్బ’ అయింది. ‘పూర్వ’ ‘పుబ్బ’ అయిన దారే ఇది. ‘మఖలో పుట్టి పుబ్బలో మాడిపోయినట్టు’ అంటామే, ఆ పుబ్బ. కన్నడంలో ప–కారం హ–కారమై ‘హబ్బ’ అయింది. మైసూరు దసరాను వాళ్లు ‘నాడహబ్బ’ అంటారు. బెంగాలీల ‘పార్బణ్’, సిక్కుల ‘గురుపురబ్’లోని ‘పురబ్’ కూడా ఈ గడ ముక్కలే. కాబట్టి పబ్బం తిట్టు కాదు, పర్వాన్ని ఇంట్లో పిలుచుకునే పేరు లాంటిది. చేతిలో పైసా లేని ఇల్లాలు అప్పో సప్పో చేసి పండుగపూట గట్టెక్కించడమే మొదట ‘పబ్బం గడుపుకోవడం’ అయి ఉంటుందని నా ఊహ. జాలితో పలకవలసిన ఆ మాటను పత్రికలు అవకాశవాదానికి అంటగట్టాయి. ఆ అర్థం నిఘంటువుల దాకా పాకింది, ఇంక వెనక్కి రాదేమో. మనమైనా ‘పండుగలూ పబ్బాలూ’ అని జంటగా పలుకుతూ దాని పరువు కాపాడదాం.

పండుగ అందరిదీ. సంతాపంతో కూడిన మొహర్రాన్ని సైతం మన ఊళ్లు ‘పీర్ల పండుగ’ అని కలుపుకొన్నాయి. పండుగ, పండగ... రెండూ ఒప్పే. పర్వం చంద్రుడితోనో సూర్యుడితోనో ముడిపడిన రోజైతే బాగా అతుకుతుంది. ఆ లెక్కన, పగలూ రాత్రీ సమానమయ్యే వసంత విషువత్తు తర్వాతి పున్నమిని చూసి ఆదివారం నిర్ణయించే ఈస్టర్ పర్వమే, వైశాఖ పున్నమి నాటి బౌద్ధుల వేసాక్ పర్వమే. క్రిస్మస్‌ను పర్వదినం అంటే తప్పు పట్టను గానీ, నేనైతే క్రిస్మస్ పండుగ అంటాను.

నన్ను బాధపెట్టేవి వేరే ఉన్నాయి. ‘పర్వదినం రోజున’ అని టీవీలో రోజూ చదువుతున్నారు. దినం అన్నాక మళ్లీ రోజెందుకు? ‘పర్వదినాన’ అంటే నోరు నొప్పి పుట్టదు కదా! అంతకన్నా ఘోరం ‘ఎయిడ్స్ దినోత్సవం’, ‘క్షయ దినోత్సవం’. ఉత్సవం అంటే సంబరం. రోగానికి సంబరం ఏమిటి నాయనా? ‘దినం’ అంటే తద్దినం గుర్తొస్తుందన్న జంకుతో ఉత్సవాన్ని తగిలించి ఉంటారు. ‘ఎయిడ్స్ అవగాహన దినం’ అనండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఆగస్టు 9న మీ సింగపూర్ జాతీయ దినం వస్తుంది. దాన్ని పర్వం అనకండి, అక్కడ కాలానికి కణుపు లేదు. దినోత్సవం అనవచ్చు, అది నిజంగా సంబరమే. కానీ మన పల్లెల్లో పంద్రాగస్టును ‘జెండా పండుగ’ అనేవారు. ఏ పండితుడూ ఇవ్వని మాట. మీ గ్రూపులో ఈసారి అది పెట్టి చూడండి.