నిద్రపట్టని రైతుకు సెలైన్ మందు కాదు

ప్రశ్న: మాది వరంగల్ జిల్లాలో ఒక చిన్న ఊరు. మా ఆయన ఐదెకరాలు కౌలుకు తీసుకొని పత్తి వేస్తున్నారు. రెండేళ్లుగా పెట్టుబడి కూడా చేతికి రాలేదు. మూడు నెలలుగా ఆయనకు సరిగ్గా నిద్ర లేదు, గుండెల మీద బరువు పెట్టినట్టుందంటారు, చేను వైపు పోవడమే మానేశారు. ఆర్‌ఎంపీ డాక్టరు నాలుగుసార్లు సెలైన్ ఎక్కించారు. గుండె పరీక్షల్లో ఏ దోషమూ లేదన్నారు. మానసిక వైద్యుడికి చూపిద్దామంటే "నేనేమన్నా పిచ్చోడినా?" అని కోప్పడుతున్నారు. నేనేం చేయాలి?
– పేరు వేయవద్దన్న పాఠకురాలు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కలవరపెట్టింది ఆయన చేను వైపు పోవడం మానేశారన్న మాట. పంట పోయినప్పుడు దిగులు ఎవరికైనా ఉంటుంది. కానీ తెల్లారితే చేనుగట్టు మీద ఉండే మనిషి వారాల తరబడి అటు చూడకపోవడం, దానికి తోడు నిద్ర పట్టకపోవడం, గుండెల్లో బరువు కలిసి వచ్చాయంటే అది డిప్రెషన్ కావచ్చు. వైద్యుడు చూసిన తరువాతే నిర్ధారణ అవుతుంది. మన పల్లెల్లో "మనసు బాగాలేదు" అని ఎవరూ ఆస్పత్రికి రారు. ఛాతీ బరువు, ఒళ్లు నొప్పులు, నరాల బలహీనత అని వస్తారు, సెలైన్ ఎక్కించుకొని వెళతారు. జబ్బు మాత్రం అలాగే ఉండిపోతుంది.

అందువల్ల "పిచ్చి" అన్న మాట జోలికే పోకండి. "నిద్ర కోసం చూపిద్దాం" అనండి, అది అబద్ధమూ కాదు. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. ఆయన కదలకపోతే ముందు మీరే 14416కు ఫోన్ చేయండి. ఇది 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ. రాత్రీ పగలూ ఉచితం, తెలుగులో మాట్లాడవచ్చు. మాత్రలు రాస్తే వాటి గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది, వారానికే "పనిచేయలేదు" అని ఆపవద్దు. డిప్రెషన్‌కు ఇచ్చే మాత్రలు మత్తుమందులు కావు, వ్యసనంగా మారవు. నెమ్మదించిన తరువాత కూడా వైద్యుడు చెప్పినన్ని నెలలు వాడాలి.

మరొక మాట, ఇది వాయిదా వేయవద్దు. "బతకాలని లేదనిపిస్తోందా?" అని ఆయననే నెమ్మదిగా, సూటిగా అడగండి. అడిగినందువల్ల లేని ఆలోచన పుట్టదు, లోపల ఉన్న బరువు బయటికి వస్తుంది. అవునంటే ఒంటరిగా వదలకుండా ఆ రోజే ఆస్పత్రికి తీసుకువెళ్లండి. ఆయన ఏం చెప్పినా, పురుగుమందులు ఇంట్లో ఉంచకుండా ఈ రోజే నమ్మకమైన వారి దగ్గర తాళం వేయించి పెట్టించండి.

మాత్రలతో అప్పు తీరదని నాకు తెలుసు. పట్టా పాసుపుస్తకం లేని కౌలురైతుకు బ్యాంకు అప్పు పుట్టడమే కష్టం. బయట రెండు మూడు రూపాయల వడ్డీకి తెచ్చుకోవలసి వస్తుంది. ఇది వైద్యం సరిచేయగల అన్యాయం కాదు. అయినా మనిషి నిద్రపోయి లేచి, నలుగురితో కూర్చొని అప్పుల లెక్క చూసుకునే స్థితికి ముందు రావాలి.

ప్రశ్న: మా మండలంలో మానసిక వైద్యుడు ఒక్కరూ లేరు. ఊరివాళ్లుగా మేము చేయగలిగింది ఏమైనా ఉందా?
– ఒక ఉపాధ్యాయుడు, నల్లగొండ జిల్లా

జవాబు: ఉంది. మన దేశంలో లక్ష మందికి ఒక్క మానసిక వైద్యుడు కూడా లేరు, ఉన్నవారిలోనూ ఎక్కువమంది నగరాల్లోనే ఉన్నారు. మండలానికొకరు వచ్చేదాకా ఆగితే ఒక తరం గడిచిపోతుంది. మహారాష్ట్రలోని విదర్భ ప్రాంతంలో, అమరావతి జిల్లాలో 30 గ్రామాల్లో చేసిన పని మీకు దారి చూపగలదు. అక్కడి గ్రామస్థులకే శిక్షణ ఇచ్చి ఇంటింటికీ పంపారు. దిగులుతో ఉన్నవారిని వారు గుర్తించి, మాట్లాడి, తీవ్రంగా ఉన్నవారిని మాత్రమే వైద్యుడి దగ్గరికి చేర్చారు. డిప్రెషన్‌తో ఉన్నవారిలో సాయం కోరిన వారి శాతం 18 నెలల్లో 4.3 నుంచి 27.2కు పెరిగింది.

మీరు గ్రామసభలో తీర్మానం చేసి జిల్లా వైద్య ఆరోగ్యశాఖాధికారికి రెండు విషయాలు అడగండి: జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వైద్యుడు నెలలో ఒక నిర్ణీత రోజున మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి రావాలి; మాత్రలు అక్కడే దొరకాలి, నిల్వ తెగకూడదు. బస్సెక్కి వచ్చిన రైతుకు ఒక్కసారి "మందు లేదు, మళ్లీ రా" అని చెబితే ఆయన ఇక రాడు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఈ వైద్యం పొందడం పౌరుల హక్కు కాబట్టి బతిమాలినట్టు రాయనక్కరలేదు. ఇంటింటికీ తిరిగే పని ఆశా కార్యకర్తలకు అప్పగిస్తే, దానికి తగిన పారితోషికం కూడా ఇవ్వాలని అదే తీర్మానంలో చేర్చండి.

ప్రశ్న: ప్రాణం తీసుకోబోయిన మనిషిని ఆస్పత్రికి తీసుకువెళ్తే కేసు పెడతారా?
– ఒక పాఠకుడు

జవాబు: ఆ భయంతో ఒక్క నిమిషం కూడా ఆలస్యం చేయవద్దు. అటువంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలని, వైద్యమూ పునరావాసమూ ప్రభుత్వం కల్పించాలని పైన చెప్పిన చట్టంలోని 115వ సెక్షన్ అంటోంది. ఆస్పత్రివారు పోలీసులకు సమాచారం ఇవ్వవచ్చు, పోలీసులు వాంగ్మూలం తీసుకోవచ్చు. దానిని శిక్షగా భావించకండి. 108కు ఫోన్ చేయండి, ఏమి తాగారో తెలిస్తే ఆ డబ్బా కూడా వెంట తీసుకువెళ్లండి.