ఆ కట్ అక్కడే ఎందుకు పడింది?

చి. అబ్బాయికి,

నువ్వు పంపిన పోరాట సన్నివేశం మూడుసార్లు చూశాను. కెమెరా ఊగిపోతోంది, ఒక షాట్ తెంచి మరో షాట్ అతికించే కట్లు చకచకా పడుతున్నాయి, రంగును కావాలని మురికిగా మార్చావు. ఎవరు ఎవరిని కొట్టారో మాత్రం మూడోసారికీ తేలలేదు. కోపమేమీ లేదులే. నీ వయసులో నేనూ ఇదే పని చేసి ఎడిటింగ్ గదిలో అక్షింతలు వేయించుకున్నాను.

‘ఎల్ మరియాచి’ స్ఫూర్తి అని రాశావు కదా, దాన్ని మళ్లీ చూడు. ప్రతి కట్ దగ్గరా ఆగి, ఇక్కడే ఎందుకు కోశాడని అడుగు. 1992లో వచ్చిన ఆ సినిమాను రాబర్ట్ రోడ్రిగెజ్ సుమారు 7,000 డాలర్లతో తీశాడు. బొమ్మతో పాటే మాట రికార్డు చేసే వీలు అతనికి లేదు. షాట్ అయ్యాక నటులతో మళ్లీ చెప్పించి విడిగా రికార్డు చేసుకునేవాడు. పెదవికీ మాటకూ పొంతన తప్పిన చోట మరో ముఖానికో, కుక్కకో కట్ చేసేవాడు. తుపాకులు ఒక్కసారి పేలగానే మొరాయించేవి. ఒక్కో పేలుడునూ ఒక్కో కోణంలో తీసి అతికిస్తే ఎడతెగని కాల్పులయ్యాయి. కెమెరాను కదిలించే ట్రాలీ లేదు, చక్రాల కుర్చీతో సరిపెట్టాడు. నువ్వు ముచ్చటపడ్డ ఆ వేగం గతిలేక పుట్టింది. నీ దగ్గర మాట చక్కగా రికార్డయింది, మరి నీకెందుకు అన్ని కట్లు?

(అన్నట్టు, ఆ 7,000 లెక్క పట్టుకుని నిర్మాత దగ్గరికి వెళ్లకు. థియేటర్లకు చేరేలోపు స్టూడియో పెట్టిన ఖర్చు దానికి ఎన్నో రెట్లు.)

జార్జ్ మిల్లర్ తక్కువ డబ్బుతో తీసిన ‘మ్యాడ్ మ్యాక్స్’ (1979) చూసి ఎందరో కార్లనూ తోలు జాకెట్లనూ తమ సినిమాల్లోకి ఎత్తుకెళ్లారు. దర్శకుడు జేమ్స్ వాన్, రచయిత లీ వానెల్ మాత్రం చివరి సన్నివేశాన్ని పట్టుకున్నారు. ముఠా కుర్రాడి కాలికి బేడీ, చేతిలో రంపం, గొలుసు కోసేంత వ్యవధి లేదు, బతకాలంటే కాలే కోసుకోవాలి. ఆ ఒక్క ముడినే ఒక పాడుబడ్డ స్నానాల గదిలోకి తెచ్చి 2004లో ‘సా’ (అంటే రంపం) అనే సినిమా తీశారు. అది యాక్షన్ సినిమా కూడా కాదు!

నీకున్నవి ఒక వరండా, పోట్లాడటం చేతకాని ఇద్దరు నటులు. చేతకానట్టే పోట్లాడనివ్వు. గురి తప్పనీ, ఆయాసపడనీ, చొక్కా చిరగనీ. కెమెరాను ఒకచోట నిలబెట్టు. డబ్బు లేదని ఎవరినీ ఎత్తు నుంచి దూకించవద్దు, ఆ ఒక్క విషయంలో నా మాట జవదాటకు.

మళ్లీ తీశాక ఆ మురికి రంగు వేయకముందే పంపు.

మీ బాబాయి